భీమవరం నుంచి టెట్రాసైక్లిన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్ననూ తమ్ముణ్నీ పొట్టనబెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడిగితే దొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. 1923లో అమెరికా చేరారు. 1940 నుంచి లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపించారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకు మందైంది.

పెన్సిలిన్‌కు లొంగని సూక్ష్మజీవుల కోసం అదే సంస్థ రకరకాల మట్టిని జల్లెడపట్టింది. వృక్షశాస్త్రవేత్త డగ్గర్‌కు మిస్సోరి మట్టిలో ఆరియోమైసిన్ దొరికింది. తొలి టెట్రాసైక్లిన్ అదే. 1948లో దాని సంగతి లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.

డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. పొదల్లో సన్నని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కు విజయవాడ ఆసుపత్రుల్లో ఇప్పటికీ ముందుగా ఇచ్చేది దీన్నే. మాత్రగా ఇస్తాం, ప్రమాదం ముదిరితే సెలైన్‌లో ఎక్కిస్తాం. చాలామంది అడిగి మరీ పొడిపించుకునే సెఫ్ట్రియాక్సోన్ ఈ జ్వరాన్ని తగ్గించదు. జ్వరం వదలకపోతే చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి పొక్కు ఉందేమో చూడండి. లేకపోయినా రక్తపరీక్ష మానకండి.