పసిబిడ్డల తొలిచదువు: మరియా మాంటిసోరి జీవితము

బిడ్డను బడిలో వేసి నెల తిరుగకమునుపే ఇంటివారును, ఇరుగుపొరుగువారును అడుగు ప్రశ్న యొకటి కలదు: ఎన్ని అక్షరములు వచ్చినవని. రాకున్నచో బిడ్డ మందమతి యనియో, పంతులు సోమరి యనియో తేల్చివేయుదురు. మూడు నాలుగేండ్ల బిడ్డ బడిలో నేర్వవలసినది అక్షరములేనా, అంతకుముందు నేర్వవలసినది మరేమైన నున్నదా యను విచారమునకే తన జీవితమును వెచ్చించిన విదుషి మరియా మాంటిసోరి. ఆమె పేరు మన పట్టణములలో బడుల బోర్డులపై తరచుగా కనబడును. ఆమె కథ తెలిసినవారు మాత్రము తక్కువ.

మరియా 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీదేశమున కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి, తల్లి చదువుకొన్న ఇల్లాలు. కూతురు ఉపాధ్యాయిని యైన చాలునని పెద్దలు తలచిరి. ఆమెకు ఆ వృత్తియే గిట్టలేదు. మొదట ఇంజనీరు కాగోరి, పిదప వైద్యవిద్యకు మరలెను. పురుషుల సరసన నిలిచి శవపరీక్ష చేయుట ఆడుదానికి తగదని, అందరును వెడలిన తరువాత ఒంటరిగా ఆమెచే ఆ పని చేయించిరి. 1896లో రోము విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఇటలీలో వైద్యులైన తొలి స్త్రీలలో ఒకతె యయ్యెను.

ఆ కాలమున రోములోని పిచ్చాసుపత్రులలో బుద్ధి వికసింపని పిల్లలను పెద్ద రోగులతోపాటు పడవేసి యుంచెడివారు. ఆ పిల్లలకు కావలసినది మందు కాదు, చేతులకు పని యని ఆమె గ్రహించెను. ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములు చదివి, 1900లో రోమున తెరచిన యొక ప్రత్యేక పాఠశాలలో రెండేండ్లు ఆ పిల్లలతోనే గడపెను. వారిలో కొందరు చదువను వ్రాయను నేర్చి, మామూలు పిల్లలతోపాటు పరీక్షలలో నెగ్గిరి. చూచినవారు మెచ్చుకొనిరి. ఆమెను మాత్రము వేరొక ప్రశ్న పట్టుకొనెను. బుద్ధిలోపము గల పిల్లలే ఇంత నేర్వగా, ఏ లోపమును లేని పిల్లలు వారిని మించకుండుటకు కారణమేమి?

దానికి సమాధానము దొరకిన చోటు రోమునగరమున శాన్ లొరెంజో యను కూలిపేట. అచట ఒక సంస్థ పాత ఇండ్లను బాగుచేయించి కూలివారికి అద్దె కిచ్చెను. తల్లిదండ్రులు పనికి పోగా, బడియీడు రాని పిల్లలు పగలెల్ల క్రొత్తగోడలను పాడుచేయుచుండిరి. మాటిమాటికి సున్నము వేయించుటకంటె పిల్లలను ఒక గదిలో చేర్చి కాచుట చౌక యని యజమానులు లెక్కవేసిరి. లోకమంతట వ్యాపించిన ఒక విద్యావిధానము గోడల సున్నపు ఖర్చునుండి పుట్టినదన్నమాట! 1907 జనవరి 6వ తేదీన ఆ గది తెరువబడెను. దానికి పిల్లల యిల్లని పేరు పెట్టిరి. వచ్చిన పిల్లలు యాబదిమందికి పైచిలుకు. చూచుకొనుటకు నియమించిన యువతికి ఉపాధ్యాయశిక్షణ లేదు.

అచట మొదట నేర్పినవి చేతులు కడుగుకొనుట, తల దువ్వుకొనుట, గుండీలు పెట్టుకొనుట, ఒలుకకుండ నీరు పోయుట, చప్పుడు కాకుండ కుర్చీ జరుపుట. ఒకనాడు మరియా చేతిరుమాలు తీసి, చప్పుడు లేకుండ చీమిడి తుడుచుకొనుట యెట్లో చూపెను. పిల్లలు నవ్వుదురనుకొనెను, వారు చప్పట్లు కొట్టిరి. చీమిడిముక్కని అంతవరకు అందరును తిట్టినవారే గాని, తుడుచుకొను విధము నేర్పినవారు లేరు. మన యిండ్లలో మాత్రము ఎందరము నేర్పుచున్నాము?

మూడేండ్ల పిల్ల యొకతె కొయ్యదిమ్మెలోని గుంటలలో సరిపడు కొయ్యబిళ్ళలను అమర్చుచు, తీయుచు, మరల అమర్చుచు నలుబదిమార్లకు పైగా ఆ పనియే చేసెను. చుట్టును పాటలు పాడించినను తల యెత్తలేదు. ముగించి లేచునప్పుడు అలసట లేకపోగా, నిద్రలేచిన బిడ్డవలె ముఖము తేటగా నుండెను. మరొకనాడు పంతులమ్మ ఆలస్యముగా వచ్చుసరికి, బీరువా తాళము మరచిన కారణమున, పిల్లలే ఎవరికి కావలసిన వస్తువు వారు తీసికొని పనిలో మునిగియుండిరి. ఇతరులైన దొంగతన మనియుందురు. మరియా బిడ్డల చేతికందు పొట్టి బీరువాలు పెట్టించెను.

అక్షరముల మాట యెత్తినవారు ఆ కూలితల్లులే. కొయ్యతో అక్షరములు చేయించుటకు సొమ్ము చాలక, మరియా గరుకైన ఉప్పుకాగితమును కత్తిరించి అట్టలపై అంటింపజేసెను. పిల్లలు ఆ అక్షరముపై వ్రేలు నడిపించుచు దాని ధ్వని పలుకుదురు. కొన్ని నెలలకు ఒక బాలుడు సుద్దముక్కతో నేలపై మాటలు వ్రాసి, తనకు వ్రాయుట వచ్చినదని కేకలు పెట్టెను. అతనిని చూచి తక్కినవారును గోడలపై, తలుపులపై వ్రాయసాగిరి.

ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దిన మన పెద్దలకు ఇది వింత కాదు. వ్రేలికి అక్షరము తెలియవలెనను రహస్యము మన వీధిబడికిని తెలియును. కాని మన బడిలో ఆ వ్రేలిని పంతులుగారు పట్టుకొని నడిపెడివారు. తప్పినచో కోదండము సిద్ధము. పిల్లవాడు ఎప్పుడు దిద్దదలచునో వేచియుండు ఓపిక మనకు లేకపోయెను. ఇది నాకు తోచిన భేదము. మనవారి బడిని నిందించుటకు చెప్పినది కాదు.

1909లో ఆమె తన విధానమును గ్రంథముగా ప్రకటించెను; కొలదియేండ్లలోనే పలుదేశములలో అట్టి బడులు వెలసెను. ముస్సోలినీ ప్రభుత్వము మొదట ఆదరించినను, 1934 నాటికి వైరము ముదిరి ఇటలీలో ఆ బడులు మూతపడెను.

ఆమె జీవితమున ఒక లోతైన వ్యథయు కలదు. అవివాహితగా 1898లో కనిన కుమారుడు మేరియోను లోకనిందకు వెరచి పల్లెటూరిలో పరుల యింట పెంచవలసివచ్చెను. లోకములోని బిడ్డలకు బడులు కట్టించిన తల్లికి తన బిడ్డ పసితనము దక్కలేదు. తన తల్లి 1912లో మరణించిన తరువాతనే ఆమె కుమారుని చేరదీసికొనెను. నాటినుండి అతడే ఆమెకు కుడిభుజము.

1939లో దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానముపై ఇరువురును మద్రాసున అడయారుకు వచ్చిరి. ఆమె ఇటలీభాషలో ఉపన్యసింప మేరియో ఆంగ్లమున చెప్పుచుండెను. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా ప్రభుత్వము మేరియోను అహమదునగరున నిర్బంధించెను. ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, వైస్రాయి అతనిని విడిపించి పంపెను. అతనిని బహిరంగముగా ఆమె కుమారుడని పేర్కొనుట అదియే మొదటిసారి యని చరిత్రకారు లందురు. కొన్నాళ్ళకని వచ్చినవారు యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశముననే యుండి, అడయారున, కోడైకెనాలున, ఇతర నగరములలో వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిరి.

కూలివాని బిడ్డలకొరకు పుట్టిన ఆ బడి పేరు నేడు మన పట్టణములలో పెద్ద జీతము కట్టగలవారి సొత్తుగా మారినది. ఆ పేరు బోర్డుపై వ్రాసికొనుటకు ఎవరికిని అడ్డులేదు; లోపల మూడేండ్ల బిడ్డచే వాచకము వల్లె వేయించువారును వ్రాసికొనుచున్నారు. ఉప్పుకాగితము, అట్టముక్క, చెంబెడు నీరు కరవైన పల్లె యేదియు లేదు.

1952 మే 6వ తేదీన నెదర్లాండ్సులోని నోర్డ్‌వైక్ అను సముద్రతీరపు ఊరిలో మరియా కన్నుమూసెను. ఆమె పనిని మేరియో 1982లో తాను మరణించువరకు సాగించెను.