గాలికి కొలతలు నేర్పిన అన్నా మణి

రేడియోలో వాన రాదని చెబితే గొడుగు పట్టుకుని బయల్దేరడం ఒకప్పుడు మన ఇళ్లలో అలవాటు. వాతావరణ శాఖ వాళ్ల మీద ఎన్ని జోకులో! ఇప్పుడా నవ్వు కాస్త తగ్గింది. జనగామలో కల్లంలో వడ్లు ఆరబోసిన రైతమ్మ కూడా సెల్‌ఫోన్‌లో ఆరెంజ్ అలర్ట్ అని వినగానే టార్పాలిన్లు వెతుక్కుంటోంది.

వెతుక్కోక ఏం చేస్తుంది? 2024 ఆగస్టు 31న భూపాలపల్లి పక్కనున్న ములుగు జిల్లాలో, తాడ్వాయి, మేడారం అడవుల్లో వీచిన గాలికి వేల చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. 50 వేల దాకా ఉంటాయని అటవీ శాఖ లెక్క కట్టింది. అది సుడిగాలా, మబ్బులోంచి ఒక్కసారిగా కిందికి దూకిన గాలా అని చాలా చర్చే జరిగింది. తెల్లారేసరికి మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ భయం తీరకముందే డిసెంబరు 4 ఉదయం ఏడున్నరకు ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. పొయ్యి మీద పాలు వదిలేసి ఆడవాళ్లు వీధుల్లోకి పరుగెత్తారు.

ముందే తెలిస్తే ఎంత బాగుండు! భూకంపం సంగతి తర్వాత చెప్పుకుందాం. గాలివానల రాకను ముందుగా పసిగట్టడానికి మన దేశంలో పునాదులు వేసినవారిలో ఒక మహిళ ఉన్నారు. ఆమే అన్నా మణి.

1918 ఆగస్టు 23న ఇప్పటి కేరళలోని పీరుమేడులో పుట్టింది అన్నా. తండ్రి సివిల్ ఇంజనీరు, ఏలకుల తోటలున్న కలిగిన కుటుంబం. ఎనిమిది మంది పిల్లల్లో తను ఏడోది. ఆ ఇంట్లో మగపిల్లలకు చదువులు, ఉద్యోగాలు, ఆడపిల్లలకు పెళ్లి. లెక్క అంతే. అన్నాకి మాత్రం పుస్తకాల పిచ్చి. ఎనిమిదేళ్లకే ఊరి గ్రంథాలయంలోని మలయాళ పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసింది. ఎనిమిదో పుట్టినరోజున ఆనవాయితీ ప్రకారం ఇంట్లోవాళ్లు వజ్రాల కమ్మలు చేతిలో పెడితే, ఇవి నాకొద్దు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కొనిపెట్టమని పట్టుబట్టింది. వైకోం సత్యాగ్రహం రోజుల్లో గాంధీజీ అక్కడికి వచ్చాక ఆ పిల్ల మనసు ఖాదీ మీదికి మళ్లింది. ఆ ఖాదీని మళ్లీ వదలలేదు.

డాక్టరు కావాలనుకుని, కుదరక, మద్రాసులో భౌతికశాస్త్రం చదివారు. 1940లో స్కాలర్‌షిప్ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు. విచిత్రం చూడండి, వజ్రాల కమ్మలు వద్దన్న పిల్ల అక్కడ చేసిన పని వజ్రాల మీదే! ముప్ఫైకి పైగా వజ్రాలను వెలుగులో పెట్టి, అవి ఇచ్చే కాంతిని ఫొటో ప్లేట్ల మీద పట్టాలి. ఒక్కో ప్లేటుకి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే నిద్ర. ఆడవాళ్లు మగవాళ్లతో మాట్లాడటమే తప్పన్నట్టుండేది. ఆడపిల్ల చేతిలో చిన్న పొరపాటు జరిగితే, ఆడవాళ్లకిది చేతకాదని తీర్మానించేవాళ్లూ ఉండేవారు.

అలాంటి చోట ఒంటరిగా అయిదు పరిశోధనా పత్రాలు రాశారు. 1945లో పిహెచ్‌డి కోసం సిద్ధాంత గ్రంథాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి పంపారు. ఎమ్మెస్సీ లేదు కాబట్టి డాక్టరేట్ ఇవ్వబోమన్నారు! ఆనర్స్ పట్టా ఉంది, ఇన్‌స్టిట్యూట్ వాళ్లే స్కాలర్‌షిప్ ఇచ్చి పరిశోధనకు తీసుకున్నారు, పని కళ్లెదుటే ఉంది. అయినా అంతే. ఆ గ్రంథం ఇప్పుడు బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో, పట్టా వచ్చినవాళ్ల గ్రంథాల పక్కనే ఉంది. పట్టా లేకపోవడం తనకేమీ లోటు చేయలేదనే ఆమె జీవితాంతం చెప్పుకున్నారు. అది ఆమె పెద్దమనసు కావచ్చు. చేసిన అన్యాయం అన్యాయం కాకుండా పోదు.

అదే ఏడాది ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో, సైనికుల ఓడలో ఇంగ్లండు వెళ్లారు. ఆమె చదవాలనుకున్నది భౌతికశాస్త్రం. దొరికిన సీటు వాతావరణ పరికరాల శిక్షణకి! దొరికినదాన్నే పట్టుదలగా నేర్చుకుని 1948లో తిరిగొచ్చి, పూనాలో భారత వాతావరణ శాఖలో చేరారు.

అప్పటిదాకా వర్షమాపకం లాంటి మామూలు పరికరాలు కూడా బయటి దేశాల నుంచి రావాల్సిందే. అన్నా మణి ఆ విభాగాన్ని చేతిలోకి తీసుకున్నాక దాదాపు వంద పరికరాలకు మన దేశంలోనే నమూనా చిత్రాలు గీయించి, తయారు చేయించారు. ఆమె కింద పనిచేసింది 121 మంది మగవాళ్లు!

పరికరాలు తయారు చేస్తే ముందస్తు హెచ్చరిక ఎలా వస్తుందనుకుంటున్నారా? మన మానిక సంగతే తీసుకోండి. జనగామ మానిక, మానుకోట మానిక ఒక్క కొలతకి రాకపోతే బియ్యం బేరం కుదురుతుందా? గాలీ అంతే. ఒక ఊళ్లో గాలి పీడనం పడిపోతోందా, పక్క ఊళ్లో నిలకడగా ఉందా, గాలి ఎటు మళ్లుతోందన్నది పోల్చి చూస్తేనే తుపాను జాడ దొరుకుతుంది. ఒక పరికరం తప్పు చెబితే అక్కడ లేని గాలివాన కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు. తప్పు కొలత కంటే అసలు కొలత లేకపోవడమే నయమని ఆమె నమ్మకం. ప్రతి పరికరాన్నీ ప్రమాణంతో సరిచూడనిదే బయటికి పంపనిచ్చేవారు కారు.

ఆ తర్వాత ఎండ తీవ్రత కొలిచే కేంద్రాలు దేశమంతటా పెట్టించారు. ఆకాశంలో ఓజోన్‌ను కొలిచే పరికరం మన దేశంలోనే తయారైంది. 1963లో విక్రమ్ సారాభాయ్ కోరిక మీద తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలన కేంద్రాన్ని, పరికరాల గోపురాన్ని నిలబెట్టారు. 1976లో శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు.

ఇంత చేసినా సుడిగాలి అంత తేలిగ్గా దొరికేది కాదు. దాని వెడల్పు చాలాసార్లు కొన్ని వందల మీటర్లే. రెండు కొలత కేంద్రాల మధ్యలోంచి జారిపోతుంది. మబ్బు లోపల గాలి ఎటు తిరుగుతోందో చూపే డాప్లర్ రాడార్ దానికి కావాలి. ఎన్నో రాడార్లున్న అమెరికాలో కూడా సుడిగాలికి ముందు దొరికే వ్యవధి సగటున పది, పదిహేను నిమిషాలే. ఇక భూకంపం. అది ఎప్పుడొస్తుందో ముందే చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. భూమి కదలడం మొదలయ్యాక, వేగంగా వచ్చే చిన్న అల వెనకాల నెమ్మదిగా పెద్ద అల వస్తుంది. ఆ రెంటికీ మధ్య దొరికే కొన్ని సెకన్లలో సైరన్ మోగించగలరు, అదీ జపాన్ లాంటి చోట్ల. కేంద్రానికి బాగా దగ్గరున్న ఊళ్లకు ఆ సెకన్లు కూడా మిగలవు. ఫలానా తేదీన భూకంపమని ఫోన్లో మెసేజ్ వస్తే అది వట్టి పుకారే.

రిటైరయ్యాక విశ్రాంతి తీసుకున్నారనుకుంటే పొరపాటే! దేశంలో ఎండ లెక్కల మీద 1980లో, 1981లో రెండు పెద్ద గ్రంథాలు వెలువరించారు. ఏడు వందలకు పైగా చోట్ల గాలి వేగం కొలిపించి, గాలిమరలు ఎక్కడ పెడితే కరెంటు వస్తుందో లెక్క తేల్చారు. బెంగళూరులో సొంతంగా చిన్న కర్మాగారం పెట్టి గాలి, ఎండ కొలిచే పరికరాలు తయారు చేయించారు.

పెళ్లి చేసుకోలేదు. కొండలెక్కడం, చెట్లు, పక్షులు, పుస్తకాలు, సంగీతం ఆమెకు ఇష్టమైనవి. 1994లో పక్షవాతం వచ్చి కదలలేని స్థితి వచ్చింది. 2001 ఆగస్టు 16న, మరో వారానికి 83 ఏళ్లు నిండుతాయనగా, తిరువనంతపురంలో కన్నుమూశారు.