రుడాల్ఫ్ డీజిల్ జీవితం

నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ కూడలికి నడిచి వచ్చే విద్యార్థి చెవిన ఎడతెగక పడేది బస్సుల, లారీల ఇంజన్ల మోత. డీజిల్ అనే మాట మనకు నిత్యపరిచితం. అది ఒక నూనె పేరని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి ఎవరు, ఏ ఆశయంతో ఆ యంత్రాన్ని నిర్మించాడు, చివరకు అతని గతి ఏమైంది అన్నది విద్యార్థి లోకం తెలుసుకోదగిన విషయం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. తండ్రి తోలు సామాను తయారు చేసే చిన్న వృత్తిదారు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం సంభవించింది. శత్రుదేశపు మనుషులన్న కారణంగా ఆ కుటుంబం పారిస్‌ను విడిచి లండన్‌కు తరలిపోవలసి వచ్చింది. అప్పటికి రుడాల్ఫ్‌కు పన్నెండేళ్లు. ఫ్రాన్సులో అతడు జర్మన్. జర్మనీకి వెళితే ఫ్రెంచి మాట్లాడే బాలుడు. ఏ దేశంలోనూ పూర్తిగా స్థానికుడు కాలేని ఆ బాలుణ్ణి తల్లిదండ్రులు ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి చదువు నిమిత్తం పంపించారు. ఆ ఇంటి యజమాని గణితోపాధ్యాయుడు.

అక్కడ చదువే అతనికి ఆశ్రయమైంది. త్వరగా సంపాదనలో పడాలన్న తల్లిదండ్రుల కోరికను వినయంగా కాదని, విద్యార్థి వేతనంతో మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చేరాడు. శీతలీకరణ యంత్రాల నిర్మాతగా ప్రఖ్యాతుడైన కార్ల్ లిండే ఆయన గురువు. టైఫాయిడ్ జ్వరం వల్ల 1879లో పరీక్షకు హాజరు కాలేక, 1880 ఆరంభంలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. తరువాత గురువుగారి సంస్థలోనే, పారిస్‌లో మంచు తయారీ యంత్రాల పని చేపట్టాడు.

ఆ రోజుల్లో కర్మాగారాలను నడిపినది ఆవిరి యంత్రం. బొగ్గు నుంచి వచ్చే వేడిలో పదో వంతు మాత్రమే, తరచు అంతకంటే తక్కువే, పనిగా మారేది. మిగిలినదంతా వృథా. పైగా పెద్ద బాయిలరు పెట్టగలిగిన ధనవంతునికే ఆ యంత్రం అందుబాటు. చేతివృత్తులవారు వారితో పోటీపడలేక చితికిపోతున్నారు. తండ్రి దుకాణంలో పెరిగిన డీజిల్‌కు ఈ బాధ పుస్తకాలలో చదివి తెలుసుకోవలసినది కాదు. చిన్న వృత్తిదారు సైతం తన ఇంటిలో పెట్టుకోగల పొదుపైన ఇంజనును నిర్మించాలని ఆయన సంకల్పించాడు.

గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని అడుగు భాగం వేడెక్కడం మనకు అనుభవమే. సిలిండరులో గాలిని మరింతగా అదిమి, ఆ వేడిలోకి నూనెను చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అది అంటుకొంటుంది. ఈ సూత్రానికి 1892లో పేటెంటు కోరాడు. 1893లో గ్రంథం ప్రచురించాడు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం ప్రయోగాలకు అంగీకరించింది. 1893 ఆగస్టు 10న మొదటి యంత్రంలో విస్ఫోటం జరిగి, పీడనాన్ని కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపోయింది. 1894 ఫిబ్రవరి 17న యంత్రం తనంత తానుగా సుమారు ఒక్క నిమిషం నడిచింది. మరి మూడేళ్లు గడచిన పిమ్మట, 1897లో, ప్రొఫెసర్ ష్రోటర్ జరిపిన పరీక్షలో ఇంధనపు వేడిలో 26 శాతానికి పైగా పనిగా మారినట్లు రుజువైంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. గ్రంథంలో రాసిన యంత్రమూ, 1897లో నడిచిన యంత్రమూ ఒకటి కావు. మొదటి లెక్కలలోని అత్యధిక పీడనాలు ఆచరణకు లొంగలేదు. డీజిల్ తన సిద్ధాంతాన్ని పట్టుకొని వేళ్లాడక, ప్రయోగం చెప్పినట్లు మార్చుకొన్నాడు. ప్రత్యర్థులు దీనినే ఆక్షేపణగా చేసి, ఆ ఆవిష్కరణ ఆయనది కాదని వాదించారు. ఆ వివాదాలు ఆయన ఆరోగ్యాన్ని కుంగదీశాయి.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. 1903లో ఆయన సహకార సమాజాన్ని గురించి ఒక గ్రంథం రాశాడు. కొన్నవారు బహు స్వల్పం. అదే సంవత్సరం రష్యాలోని నూనె ఓడ వాండాల్‌లో డీజిల్ ఇంజన్లు అమర్చబడ్డాయి. 1912లో డెన్మార్క్‌కు చెందిన సెలాండియా ఓడ జంట డీజిల్ ఇంజన్లతో, ఒక్కొక్కటి 1250 అశ్వశక్తితో, కోపెన్‌హాగెన్ నుంచి బ్యాంకాక్ యాత్రకు బయలుదేరింది. బొగ్గు లేదు, బాయిలరు లేదు, పొగగొట్టమూ లేదు. జర్మన్ జలాంతర్గాములలో అంతకుముందున్న కిరోసిను ఇంజన్లు పొగ చిమ్మి ఉనికిని బయటపెట్టేవి. 1913 నాటి యు-19 నుంచి వాటి స్థానాన్ని జంట డీజిల్ ఇంజన్లు ఆక్రమించాయి. బీద వృత్తిదారు కోసం తలపెట్టిన యంత్రం ముందుగా యుద్ధనౌకకు చేరింది.

కీర్తి పెరిగినకొద్దీ అప్పులూ పెరిగాయి. తప్పుడు పెట్టుబడులలో సంపద కరిగిపోయింది. 1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. మిత్రులతో భోజనం చేసి గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే గది ఖాళీ. కొద్ది రోజులకు సముద్రంలో ఒక దేహం కనిపించింది. దాని వద్ద దొరికిన వస్తువులను కుమారుడు యూజెన్ గుర్తించాడు. వయస్సు 55. ఆ మరణానికి కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు.

ఆయన జీవించి ఉండగా డీజిల్ ఇంజను మిక్కిలి బరువైనది. నూనెను చిమ్మడానికి ప్రత్యేకంగా గాలి కంప్రెసరు కావలసి ఉండేది. తరువాతి ఇంజనీర్లు దానిని తొలగించి, చిన్న పంపుతో నూనెను చిమ్మే పద్ధతిని సాధించిన పిదపనే అది లారీలకూ, వేగపు పడవలకూ ఎక్కింది. 1930ల ఆరంభంలో జర్మన్ వేగనౌకలు పెట్రోలు ఇంజన్లను వదలి డీజిల్‌కు మారాయి. కారణం సులభంగా గ్రహించవచ్చు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున చేరి ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. డీజిల్ నూనె అంత త్వరగా అంటుకోదు, ఖర్చూ తక్కువ.

హుస్సేన్ సాగర్‌లో దూసుకుపోయే పడవలను టాంక్‌బండ్ మీద నిలబడి చూడని విద్యార్థి ఉండడు. అటువంటి పడవలో రెండు పెట్రోలు ఇంజన్లు ఉన్నాయనుకుందాం. వాటిని తీసి రెండు డీజిల్ ఇంజన్లు పెట్టడం కేవలం మరలు విప్పి బిగించే పని కాదు. కొత్త ఇంజన్ల బరువు ఎక్కువ గనుక వాటి పీఠాలను దృఢపరచాలి; పడవ వెనుకకు ఒరగకుండా బరువు సరిచూడాలి. డీజిల్ ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ మెలితిప్పు బలాన్ని ఇస్తుంది. అందుచేత గేర్లనూ, నీటిని తోసే పంకాలనూ దానికి తగినట్లు మార్చాలి. రెండు పంకాలూ ఎదురెదురు దిశలలో తిరిగితేనే పడవ పక్కకు లాగక తిన్నగా పోతుంది. ఒక ఇంజను ఆగినా రెండవది ఒడ్డుకు చేర్చగలదు.

ఆలస్యంగానైనా డీజిల్ ఆశయం నెరవేరింది. మన పల్లెలలో ఆయిలింజను అని పిలిచేది ఆయన యంత్రమే. కరెంటు రాని కాలంలో ఎందరో రైతులకు బావినీటిని తోడిపెట్టినది అదే. గోదావరిలో లాంచీని, కాకినాడ తీరంలో చేపల పడవను నడిపినదీ అదే. ఆదిలాబాదు గిరిజన గ్రామాలలో కానుగ నూనెతో ఇంజన్లు నడిపి విద్యుత్తు తీసిన ప్రయోగాలు 1900 నాటి వేరుశెనగ నూనెను స్మరింపజేస్తాయి.

సోదర విద్యార్థులారా! ఇల్లూ ఊరూ కోల్పోయిన పన్నెండేళ్ల బాలునికి మిగిలిన ఆస్తి చదువొక్కటే. దానిని ఎవరూ లాగుకోలేకపోయారు. అయితే ప్రపంచానికి పొదుపు నేర్పిన ఆ మేధావి తన ఇంటి లెక్క సరిచూసుకోలేకపోయాడు; తన కష్టాన్ని నలుగురితో చెప్పుకోనూ లేకపోయాడు. ఆయన జ్ఞానం నుంచి ఎంత నేర్చుకోవలసి ఉన్నదో, ఆయన ఒంటరితనం నుంచీ అంతే నేర్చుకోవలసి ఉన్నది.