లోహాలను తూచి చూసిన విద్వాంసుడు అల్‌బిరూనీ

మన పిల్లల రసాయనశాస్త్ర పుస్తకంలో లోహాల పాఠం ఒకటి ఉంటుంది. లోహాలు మెరుస్తాయి, రేకులుగా, తీగలుగా సాగుతాయి, వేడిని, విద్యుత్తును ప్రసరింపజేస్తాయి, చాలా మటుకు బరువుగా ఉంటాయి అని అందులో చదువుతారు. మరి ఏ లోహం ఎంత బరువు? ఈ ప్రశ్నకు దాదాపు వెయ్యేళ్ళ క్రితం త్రాసు చేతబట్టి జవాబు వెదికిన ముస్లిమ్ విద్వాంసుడు అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్‌బిరూనీ.

ఆయన హిజ్రీ 362, అంటే క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్ రాజ్యపు కాత్ పట్టణంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. రాజవంశీకుడూ, గణితవేత్తా అయిన అబూ నస్ర్ మన్సూర్ వద్ద విద్య నేర్చుకున్నారు. 995లో ఖ్వారిజ్మ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. యువకుడైన బిరూనీ స్వస్థలం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఊళ్ళు మారినా, ఆశ్రయమిచ్చిన పాలకులు మారినా ఆయన పరిశోధన ఆగలేదు. 1017లో సుల్తాన్ మహ్మూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించి, ఆయనను నేటి అఫ్ఘానిస్తాన్‌లోని గజ్నీకి తీసుకువెళ్ళాడు. మిగిలిన జీవితంలో అధికభాగం ఆయన అక్కడే గడిపారు.

లోహాల బరువును పోల్చడంలో ఒక చిక్కు ఉంది. చిన్న బంగారు ముక్కనూ, పెద్ద రాగి ముక్కనూ త్రాసులో వేస్తే ఏ లోహం బరువైనదో తేలదు. రెండూ ఒకే పరిమాణంలో ఉండాలి. ఎగుడుదిగుడుగా ఉండే ముక్క పరిమాణాన్ని కొలిచేదెలా? బిరూనీ ఇందుకోసం శంఖువు ఆకారంలో ఒక పాత్ర తయారు చేయించారు. దాని మెడ సన్నగా ఉంటుంది. మెడ పక్కన వంపు తిరిగిన చిన్న గొట్టం ఉంటుంది. గొట్టం అంచు దాకా నీరు నింపి, లోహాన్ని జారవిడిస్తే దాని పరిమాణమెంతో అంత నీరు బయటికి వచ్చి త్రాసు పళ్ళెంలో పడుతుంది. ఆ నీటిని తూచేవారు. మెడ సన్నగా ఉండటం వల్ల కొద్దిపాటి తేడా కూడా తెలిసిపోయేది.

ఆయన లెక్కలను నేటి కొలమానంలోకి మార్చి చూస్తే బంగారం నీటికి 19.26 రెట్లు, పాదరసం 13.74 రెట్లు, సీసం 11.40 రెట్లు, ఇనుము 7.82 రెట్లు బరువు. నేటి పాఠ్యపుస్తకాలు బంగారానికి 19.3, పాదరసానికి 13.6, సీసానికి 11.35, ఇనుముకు 7.87 అని చెబుతున్నాయి. తేడా ఎంత స్వల్పమో చూడండి! తరువాతి కాలపు శాస్త్రవేత్త అల్‌ఖాజినీ 1121 నాటి తన గ్రంథంలో ఈ పాత్రనూ, ఈ ఫలితాలనూ పదిలపరిచారు.

ఈ కొలతల వల్ల ప్రయోజనం ఏమిటి? నూరు గ్రాముల మేలిమి బంగారం సుమారు 5.2 మిల్లీలీటర్ల నీటిని మాత్రమే తొలగిస్తుంది. నూరు గ్రాముల రాగి సుమారు 11.2 మిల్లీలీటర్లు తొలగిస్తుంది. బంగారంలో రాగి కలిపితే నీరు ఎక్కువగా పొర్లుతుంది. రంగు చూసి మోసపోయే కన్నుకు నీరు నిజం చెబుతుంది. తూనికల్లో మోసం చేసేవారిని తీవ్రంగా హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరాను పఠించే మనకు ఈ కృషి విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో హీనలోహాలను బంగారంగా మారుస్తామనే కీమియాగాళ్ళు అంతటా ఉండేవారు. భారతదేశాన్ని గురించి సుమారు 1030లో రాసిన గ్రంథంలో బిరూనీ ఈ విద్యను ఒక రకమైన ఇంద్రజాలంగా పరిగణించి, బంగారంపై దురాశతో దాని వెంటపడిన రాజులను విమర్శించారు. నేడు దీనికి కారణం కూడా మనకు తెలుసు. రసాయన చర్యలో పాల్గొనేవి పరమాణువు వెలుపలి ఎలక్ట్రాన్లే. కేంద్రకం మారదు. రాగి కేంద్రకంలో 29 ప్రోటాన్లు, బంగారం కేంద్రకంలో 79 ఉంటాయి. మైలుతుత్తం కలిపిన నీటిలో ఇనుప మేకు వేస్తే దానిపై ఎర్రని రాగి పూత పడుతుంది. చూసేవారికి ఇనుమే రాగి అయిందనిపిస్తుంది. నిజానికి ఇనుము కొంత నీటిలోకి కరిగిపోగా, అందులో ముందే ఉన్న రాగి బయటికి వచ్చింది, అంతే. లోహాన్ని రెట్టింపు చేస్తామని నమ్మించేవారు నేటికీ ఉన్నారు కనుక ఈ చిన్న ప్రయోగాన్ని పిల్లలే కాదు, పెద్దలూ గుర్తుంచుకోవాలి.

విన్నదాన్ని పరీక్షించకుండా ఆయన నమ్మేవారు కాదు. పచ్చను చూస్తే పాముకు కళ్ళు పోతాయని అప్పట్లో చాలామంది చెప్పుకునేవారు. బిరూనీ పాము మెడకు పచ్చల హారం వేశారు, దాని కింద పచ్చలు పరిచారు, కళ్ళ ముందు ఆడించారు. తొమ్మిది నెలలు ఎండలోనూ, చలిలోనూ పరీక్షించినా పాము చూపు చెక్కుచెదరలేదు. రత్నాలను, లోహాలను గురించి వృద్ధాప్యంలో రచించిన అల్‌జమాహిర్ గ్రంథంలో ఆయన ఈ సంగతి నమోదు చేశారు. ముడిఖనిజాన్ని నూరి, పాదరసంతో బంగారాన్ని వేరుచేసే పద్ధతి కూడా అందులో ఉంది.

వెండి బంగారాల సంగతి ఇంతగా తెలిసినా ఆయనకు వాటిపై మోజు లేదు. ఖానూనె మస్ఊదీ అనే ఖగోళ గ్రంథం రచించినందుకు సుల్తాన్ మస్ఊద్ ఒక ఏనుగు మోసేంత వెండి పంపగా, తనకు అవసరం లేదని ఆయన ఖజానాకు తిప్పి పంపారని చరిత్రకారులు రాశారు.

ఆయన మరణం గురించి యాఖూత్ నమోదు చేసిన సంఘటన ఒకటి ఉంది. చివరి ఘడియల్లో పరామర్శించడానికి వచ్చిన ఒక ధర్మవేత్తను బిరూనీ వారసత్వానికి సంబంధించిన ఒక చిక్కు సమస్య అడిగారు. ఈ స్థితిలోనా అని ఆయన ఆశ్చర్యపోయారు. తెలియకుండా పోవడం కన్నా తెలుసుకొని పోవడమే మేలని బిరూనీ జవాబిచ్చారు. జవాబు విని, దాన్ని తిరిగి అప్పజెప్పారు కూడా. ధర్మవేత్త ఇంకా దారిలో ఉండగానే ఆ ఇంటి నుండి ఏడుపు వినిపించింది. అప్పటికి ఆయన వయస్సు 75 దాటింది.

సోదర సోదరీమణులారా! మీ పిల్లలు లోహాల పాఠం చదువుతుంటే పక్కన కూర్చొని ఈ మహనీయుని కథ చెప్పండి. విన్న మాటను తూచి చూసే అలవాటు వారికి చిన్ననాటి నుండే అబ్బాలి. మనకు ప్రయోజనకరమైన విద్యను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.