వేలు పట్టి నేర్పిన తండ్రి: లియొపోల్డ్ మొజార్ట్

కొన్ని విద్యలు పాఠశాలలో అబ్బుతాయి. కొన్ని ఇంటిలోనే అబ్బాలి. సంగీతం ఈ రెండవ కోవకు చెందినది. మన హిందుస్తానీ ఘరానాలలో తండ్రియే ఉస్తాదు, ఇల్లే విద్యాలయం కావడం మనమెరిగినదే. ఐరోపాలోని అటువంటి ఒక ఇంటి కథ ఇది. వోల్ఫ్‌గాంగ్ మొజార్ట్ పేరు లోకమంతా ఎరుగును. ఆ బాలునికి వయొలిన్ నేర్పిన తండ్రిని తలచుకొనేవారు మాత్రం అరుదు.

లియొపోల్డ్ మొజార్ట్ 1719 నవంబరు 14న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టి జీవించే సామాన్యుడు. ఉన్నత విద్యకై సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరిన లియొపోల్డ్, తరగతులకు సరిగా హాజరు కానందున 1739లో అక్కడినుండి తొలగింపబడ్డాడు. అతని మనస్సు అప్పటికే సంగీతానికి అంకితమైపోయింది. 1743లో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు ఆస్థాన వాద్యబృందంలో వయొలిన్ వాదకుడుగా కుదురుకొని, బాలురకు వయొలిన్ నేర్పే బాధ్యతను కూడా వహించాడు.

ఆ బోధనానుభవమే 1756లో వయొలిన్ శిక్షణపై ఒక ఉద్గ్రంథంగా వెలువడింది. తరువాతి కాలంలో అది డచ్చి, ఫ్రెంచి భాషలలోకి అనువదింపబడింది. స్వరస్థానాలు తెలియడానికి వయొలిన్‌పై వేళ్లు ఆనించే పలకకు అక్షరాల చీటీలు అంటించే పద్ధతిని ఆయన అందులో తీవ్రంగా ఖండించాడు. శిష్యుడు స్వరాన్ని చెవితో గుర్తించాలే గాని కంటితో వెదకరాదని ఆయన సిద్ధాంతం. ఆ గ్రంథం వెలువడిన సంవత్సరమే, జనవరి 27న, వోల్ఫ్‌గాంగ్ జన్మించాడు. లియొపోల్డ్ దంపతులకు కలిగిన ఏడుగురు సంతానంలో దక్కినవారు ఇద్దరే: 1751లో పుట్టిన నానెర్ల్, ఆమెకు తమ్ముడైన వోల్ఫ్‌గాంగ్.

కుమార్తె కోసం 1759లో ఆ తండ్రి స్వయంగా ఒక పాఠాల పుస్తకం సిద్ధం చేశాడు. అక్క వాయిస్తుండగా విని తమ్ముడూ నేర్చుకోసాగాడు. బాలుడు ఏ పాఠం ఏనాడు నేర్చినదీ తండ్రి ఆ పుటలలోనే వ్రాసి ఉంచాడు. ఐదవ పుట్టినరోజుకు ముందునాటి రాత్రి తొమ్మిదిన్నర గంటలకు, అర్ధగంటలో ఒక నృత్యగీతం నేర్చాడని అందులో నమోదై ఉంది. దినమంతా కొలువు చేసి వచ్చిన తండ్రి, ఆ రాత్రివేళ బిడ్డ ప్రక్కన కూర్చున్నాడన్నమాట!

మరొక ఘట్టాన్ని ఆ కుటుంబానికి మిత్రుడైన షాఖ్‌ట్నర్ అనంతర కాలంలో ఒక లేఖలో వివరించాడు. 1763 ప్రాంతాన ఒకనాడు లియొపోల్డ్ ఇంట ముగ్గురు వాద్యకారులు కూడి కొత్త రచనలు వాయించబోతున్నారు. ఏడేళ్ల బాలుడు తన చిన్న వయొలిన్ తెచ్చి, రెండవ వయొలిన్ భాగం తాను వాయిస్తానన్నాడు. నేర్వని విద్యలో వేలు పెట్టవద్దని తండ్రి మందలించాడు. బాలుడు కన్నీళ్లతో వెనుదిరిగాడు. షాఖ్‌ట్నర్ అడ్డుపడి, తన ప్రక్కన కూర్చోనిమ్మని వేడుకొన్నాడు. ఎవరికీ వినబడనంత మెల్లగా వాయించాలనే షరతుపై తండ్రి సమ్మతించాడు. కొంతసేపటికి షాఖ్‌ట్నర్, తన అవసరం లేదని గ్రహించి, నిశ్శబ్దంగా వయొలిన్ క్రింద పెట్టేశాడు. బాలుడు ఆరు రచనలనూ వాయించాడు. తండ్రి కన్నులు చెమర్చాయి. అంతటి బోధకుడు కూడా తన బిడ్డ శక్తిని తక్కువగా అంచనా వేసిన క్షణమది. తన పొరపాటును తాను ఒప్పుకొన్న క్షణం కూడా అదే.

1763 నుండి 1766 వరకు లియొపోల్డ్ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని పారిస్, లండన్, హేగ్ నగరాలు తిరిగాడు. కీర్తి లభించింది, హేగ్‌లో పిల్లలు జ్వరపీడితులై మృత్యుముఖం దాకా వెళ్లి వచ్చారు కూడా. స్వయంగా ప్రతిభావంతురాలైన నానెర్ల్‌ను యుక్తవయస్సు రాగానే ఇంట నిలిపివేసి, 1769లో కుమారునితో మాత్రమే ఇటలీ బయలుదేరాడు. ఆ తండ్రి చరిత్రలో ఇది మరువరాని లోపం.

1775 నాటికి వోల్ఫ్‌గాంగ్ వయొలిన్ కచేరీ రచనలు పూర్తిచేశాడు. 1777లో తల్లి తోడుగా దేశాటనకు వెళ్లినప్పుడు, సెలవు దొరకని తండ్రి ఇంటినుండే ఉత్తరాల ద్వారా కుమారుని మందలించేవాడు. తానెంత గొప్ప వయొలిన్ వాదకుడో కుమారుడు తానే ఎరుగడని ఆయన బాధ. 1778 జులైలో తల్లి పారిస్‌లో మరణించింది. 1781లో కుమారుడు తండ్రి మాట కాదని వియన్నాలో స్థిరపడ్డాడు. మరుసటి సంవత్సరం తండ్రి అంగీకారపత్రం చేరకముందే వివాహమాడాడు. వయొలిన్‌ను విడిచి పియానోనే ప్రధానంగా చేపట్టాడు. నడిపించిన చేయి విడవలేకపోయింది. నడక నేర్చిన కాలు ఆగలేకపోయింది.

అయినా 1785 ఫిబ్రవరిలో వియన్నాలో ఒక సాయంకాలం మహాస్వరకర్త హేడెన్, తానెరిగిన స్వరకర్తలందరిలో ఈ కుమారుడే శ్రేష్ఠుడని దైవసాక్షిగా లియొపోల్డ్‌తో పలికాడు. ఒక బోధకునికి అంతకు మించిన బహుమానమేమున్నది? 1787 మే 28న సాల్జ్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశాడు.

బిడ్డల విద్యను గురువుకు అప్పగించి ఊరకుండే తల్లిదండ్రులకు ఈ జీవితం ఒక పాఠం. బిడ్డ చేతిని ఎన్నటికీ విడువలేని తల్లిదండ్రులకు మరొక పాఠం. ప్రక్కన కూర్చొనడం ప్రేమ. వేళకు లేచి ప్రక్కకు తొలగడం అంతకంటె గొప్ప ప్రేమ. షాఖ్‌ట్నర్ ఆనాడు వయొలిన్‌ను నిశ్శబ్దంగా క్రింద పెట్టిన తీరును మనమందరం జ్ఞాపకముంచుకొందాం.