పేరు పెట్టని బొమ్మలు

జ్జిస్వావ్ బెక్షిన్‌స్కి కూడా మనలాగే టెక్నికల్ చదువు చదివినవాడే. 1929లో పోలండ్‌లోని సానోక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. క్రాకోలో ఆర్కిటెక్చర్ పూర్తిచేసి, బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌గా చేరాడు. ఆ పని ఆయనకి అస్సలు పడలేదు. 1955లో భార్య జోఫియాతో సొంతూరికి వచ్చేశాడు. తర్వాత అక్కడి బస్సుల ఫ్యాక్టరీలో డిజైనర్‌గా పనిచేశాడు.

అప్పట్లో ఆయన పిచ్చి ఫొటోగ్రఫీ. తాళ్లతో బిగించిన శరీరం, సగం కత్తిరించిన ముఖం, ఇలాంటివే తీసేవాడు. కానీ కెమెరాకి ఎదురుగా ఉన్నదే పడుతుంది, తలలో ఉన్నది పడదు. ఆ చిక్కు తీరక 1950ల చివర్లో దాన్ని పక్కన పెట్టి బొమ్మల్లోకి దిగాడు. 1964లో వార్సాలో పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలన్నీ అమ్ముడైపోయాయి.

కెమెరా వదిలినా దాని చూపు వదల్లేదు. హార్డ్‌బోర్డ్ మీద నూనె రంగులతో, కలని ఫొటో తీసినట్టే వేశాడు. ఎముకలతో కట్టినట్టున్న చర్చి, పొగమంచులో అస్థిపంజరాల్లాంటి మనుషులు... లోకంలో లేని వాటికి కూడా ప్రతి పగులూ, ప్రతి నరమూ కనిపిస్తుంది. భయం వేసేది అందుకే.

పదేళ్ల వయసులో యుద్ధం చూశాడు కాబట్టి ఇవన్నీ అవేనని చాలామంది అంటారు. ఆయన మాత్రం ఏ అర్థాన్నీ ఒప్పుకోలేదు, బొమ్మలకి పేర్లూ పెట్టలేదు. మనిషి మాత్రం సరదాగా, కబుర్లు చెబుతూ ఉండేవాడట. గట్టిగా సంగీతం పెట్టుకుని పనిచేసేవాడు. 1977లో వార్సాకి మారేముందు కొన్ని బొమ్మల్ని పెరట్లో తనే తగలబెట్టేశాడు.

1990లలో కంప్యూటర్ కొని మళ్లీ ఫొటోల దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు కెమెరాతో కుదరనిది ఇప్పుడు కుదిరింది. కానీ ఇల్లు ఖాళీ అవుతూ వచ్చింది. 1998లో జోఫియా పోయింది. మరుసటేడు క్రిస్మస్ ముందురోజు కొడుకు తొమాష్ ఆత్మహత్య చేసుకున్నాడు. 2005 ఫిబ్రవరి 21న, 76వ పుట్టినరోజుకి మూడు రోజుల ముందు, తెలిసిన కుర్రాడొకడు అప్పు ఇవ్వలేదని ఆయన్ని ఇంట్లోనే పొడిచి చంపాడు.

ఆ చావుని బొమ్మల్లో వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే వేసినవి. ఆయన ఆస్తంతా సానోక్ మ్యూజియానికే రాసిచ్చాడు. ఆయన బొమ్మల అతిపెద్ద సేకరణ అక్కడే ఉంది. ఎప్పుడైనా చూస్తే, పేరు కోసం వెతక్కండి. కాసేపు నిలబడి చూడండి, చాలు.