చీటీలు తీసి దేశాన్ని లెక్కగట్టిన మహలనోబిస్

ఈసారి నేను ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారి గురించి రాస్తున్నాను. ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1913లో ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జిలో చేరారు. తిరిగి వచ్చేటప్పుడు గణాంకశాస్త్రం పత్రికలు వెంట తెచ్చుకున్నారు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే ఈ లెక్కల్లో పడిపోయారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన మన సి.ఆర్.రావు గారు 1941లో అక్కడికే పోయి గొప్ప పేరు తెచ్చుకున్నారు.

బెంగాల్లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తెలియాలంటే ప్రతి పొలమూ చూడాలి. దానికి చాలా డబ్బు, చాలామంది మనుషులు కావాలి. 1937 నుంచి మహలనోబిస్ గారు కొన్ని చోట్లే చూసి మొత్తం అంచనా కట్టే పని మొదలుపెట్టారు. ఐతే ఎక్కడ చూడాలో లెక్క రాసేవాళ్ళ ఇష్టానికి వదల్లేదు. వదిలితే రోడ్డు పక్క పొలాలే చూసి పోతారు కదా! అందుకే చీటీ తీసినట్టు ఎంచేవారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపి, రెండు లెక్కలూ పోల్చేవారు.

చీటీల లెక్క మన మిరపకాయలతో చెబుతాను. గుంటూరు యార్డుకు 10 టిక్కీలు వచ్చాయనుకోండి. అందులో 3 తాలుకాయలవి. చీటీ తీసి ఒకటి విప్పితే తాలు వచ్చే సంభావ్యత 3/10. విప్పింది పక్కన పెట్టేస్తాం, మళ్ళీ కలపం. ఇక మిగిలింది 9. మొదటిది తాలైతే రెండోదానికి 2/9, మంచిదైతే 3/9. రెండూ తాలే అయ్యే సంభావ్యత 3/10 × 2/9 = 1/15. తీసింది మళ్ళీ కలిపి తీస్తే 9/100 అయ్యేది.

మొదటిది ఏమిటో తెలియకపోతే రెండోది తాలయ్యే సంభావ్యత ఎంత? 6/90 + 21/90 = 27/90. అంటే మళ్ళీ 3/10! పదోదానికీ అంతే. కాబట్టి చీటీలు తీసేటప్పుడు ముందు నేనంటే ముందు నేనని తోసుకోనక్కర్లేదు.

1950లో ఆయన చొరవతో దేశమంతటా నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. జనం ఏం తింటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని కొన్ని ఊళ్ళు, కొన్ని ఇళ్ళు ఎంచి అడిగారు. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకు రూపం ఇచ్చింది కూడా ఆయనే.

ఆయన జీవితం చదివాక నాకు ఒకటి అర్థమైంది. రోడ్డుకు దూరంగా ఉన్న గూడేనికి ఎవరూ ఇష్టపడి రారు. చీటీలో ఐతే దానికీ వంతు వస్తుంది. కానీ డబ్బాలో వెయ్యని చీటీ ఎంత న్యాయంగా తీసినా చేతికి రాదు. మిరప కోతలకు పోయి, తలుపుకు తాళం వేసిన ఇల్లు కూడా అట్లాగే లెక్కలో రాకుండా పోవచ్చు. మన ఇంటికి ఎవరైనా లెక్క రాయను వస్తే, ఊళ్ళో లేనివాళ్ళ ఇళ్ళు కూడా చెబుదాం. చదువుకున్నందుకు మనం ఆ మాత్రం చెయ్యగలం.

మహలనోబిస్ గారు 1972 జూన్ 28న, 79 ఏళ్ళు నిండడానికి ఒక్కరోజు ముందు చనిపోయారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

— 9వ తరగతి విద్యార్థిని